గంగి కంబళి

హనుమక్క అని ఒగామె, కాలు ఒగ చోట నిలిచేది కాదంట. సంగటి కెలుకుతా కెలుకుతా లేచి వాకిట్లోకి వచ్చి చూసేది, మళ్ళ లోపలికి పోయేది, మళ్ళ వచ్చేది. ఎందుకమ్మా అట్ల తిరుగుతావంటే, బిడ్డ యాడుందో చూస్తాండా అనేది. ముందర అట్లాంటి మనిషి కాదు. ఏమైందంటే, ఆమె మొగుడు ఓబన్న గొర్లు కాసేటోడు. మన పక్క సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఉగాది దాటితే బీళ్ళల్లో గడ్డిపోస ఉండదు. జీవాలున్నోళ్ళంతా మందలు తోలుకోని ఏటిగట్ల పక్క పోయేది, వానలు పడి ఈడ పచ్చబడినాక తిరుక్కోని వచ్చేది. ఆరు నెల్లు. ఓబన్న గూడా అట్లే కంబళి భుజాన వేసుకోని పోతా పోతా, "ఏం చేసినా చెయ్యకపోయినా బిడ్డ జాగ్రత్త" అన్నాడంట. ఆ ఒగ్గ మాట చెప్పి ఆయన పోయినాడు, ఆ మాట ఈయమ్మ నెత్తిన కూర్చుంది. ఇంగ కూడు సయించదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు.

బిడ్డ పేరు గంగి. నాలుగు నిండి అయిదులో పడింది అనుకో. అది ఎట్లాంటిదంటే, దానికి ఇండ్లు వేరే వేరే అని తెలీదు. ఊరంతా ఒగటే ఇల్లు దానికి. తెల్లారి లేస్తానే ఎవరింట్లో పొయ్యి రాజుకుంటే ఆ ఇంట్లో ఉంటాది. తడక నెట్టుకోని లోపలికి పోతాది, కుండ మూత తీసి చూస్తాది, వేలు పెట్టి నాకుతాది, ఎవరు కూర్చోనుంటే వాళ్ళ ఒళ్ళో కూర్చుంటాది. ముద్దు అడిగితే ముద్దిస్తాది, పాట అడిగితే పాట పాడతాది. ఊరోళ్ళకు అదొక ఆట బొమ్మ. గిల్లేటోళ్ళు గిల్లుతారు, ఎగరేసేటోళ్ళు ఎగరేస్తారు, అది కిలకిలా నవ్వుతాది. పక్కింట్లో బాలక్క అని ఒగామె, ఓబన్నకు అక్క వరస. నోరు పెద్దది, చెయ్యి పెద్దది, మనసు గూడా పెద్దదే. ఆయమ్మ ఒగ పొద్దు దేవరకు పెట్టాలని బెల్లపన్నం వండి దించి పెట్టి, స్నానం చేసి వచ్చే లోపల గంగి కుండ ముందర కూర్చోని సగం తినేసిందంట. "హనుమక్కా, మా ఇంట్లో దేవర కన్నా ముందర నీ కూతురు తినింది, దాని కాళ్ళకే మొక్కుతాలే ఇంగ" అని బాలక్క నవ్వతానే తిట్టింది. హనుమక్క గూడా నవ్వింది. నవ్వింది గానీ, ఈ పొద్దు బాలక్క కుండ, రేపు ఎవరి కుండో, ఎవరి ఒళ్ళో అనుకుంది.

ఆమె అనుకున్నట్టే అయింది. సంతకు పోయినారు తల్లీ బిడ్డా. హనుమక్క మిరపకాయలు ఏరుకుంటా చూపు అటు తిప్పి ఇటు తిప్పే లోపల బిడ్డ లేదు. సంతంతా మూడు చుట్లు తిరిగింది. కడాకు చూస్తే, ఎవరిదో బండి, ఎద్దులు కట్టినారు, పోయేకి తయారుగా ఉంది. గంగి బండి వెనక గడ్డి మింద కూర్చోని కాళ్ళు ఊపుకుంటా చెరుకుముక్క నములుతాంది. ఆ బండోళ్ళు చెడ్డోళ్ళేం కాదు, ముసిలోడూ ముసిలామె, "ఎక్కుతా అనింది, ఎక్కిచ్చినామమ్మా, మీరు యెనక వస్తాండారేమో అనుకున్యాం" అన్నారు. హనుమక్క బిడ్డను దించుకోని చంకన వేసుకోని ఇంటిదాకా దించలేదంట. దోవంతా ఒగటే మాట. "వాళ్ళెవురే?" "తెలీదు." "తెలీకుంటే ఎట్ల ఎక్కినావు?" "రమ్మన్యారు." "పిలిస్తే పోతావా?" "పిలిస్తే పోవద్దా అమ్మా?" అని బిడ్డ అడిగింది. దానికేం తెలుసు పాపం, పిలిస్తే పలకల్ల, రమ్మంటే పోవల్ల అని మనమే కదా నేర్పిచ్చింది.

అప్పుడు హనుమక్క ఏమనిందంటే, "పరాయోళ్ళ ఎంబడి పోవాకు, పరాయోళ్ళు ఏమిచ్చినా తినాకు" అనింది. "పరాయోళ్ళంటే ఎవరమ్మా?" ఇంగ దానికేం చెప్పల్ల? మీరైతే ఏం చెప్తారు చెప్పండి. హనుమక్క రోంత సేపు ఆలోచన చేసి, "మనకు వరస కానోళ్ళు" అనిందంట. "ఎవరన్నా పిలిస్తే, నువ్వు నాకేమైతావు అని అడుగు. మామనో పిన్నమ్మనో అంటే మనోళ్ళు. ఏమీ కాను అంటే పరాయోళ్ళు. తెలిసిందా?" బిడ్డ తెలిసిందని తలకాయ ఊపింది. హనుమక్కకు ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టిందంట. ఆ ఒగ్గ రాత్రే.

ఎందుకంటే అమ్మా, మన దేశంలో వరస కానోడు ఎవడున్నాడు? కొత్త మనిషి ఊర్లోకి వస్తానే మనం ఏం జేస్తాం? మీదే ఊరు, మీ అమ్మ పుట్టినిల్లు యాడ, అట్లయితే మా తోడికోడలు మేనమామ నీకేమైతాడు అని నాలుగు మాటల్లో వరస కలిపేస్తాం. వరస కలిపినాకే చెంబుతో నీళ్ళిస్తాం. గంగి తెల్లారి నుంచే మొదులు పెట్టింది. ఉప్పు అమ్ముకునేటాయప్ప వస్తే ఎదురు పోయి, "నువ్వు నాకేమైతావు?" ఆయప్ప నవ్వి, "నేనా, నీకు మామనైతా" అన్నాడు. గాజులామె వస్తే, "నువ్వు నాకేమైతావు?" "నీకు అత్తనైతా తల్లీ, నా కొడుకును చేసుకుంటావా?" సన్నాయి ఊదేటాయప్ప తాతైనాడు, పాత్రలకు కళాయి వేసేటాయప్ప చిన్నతాతైనాడు. వారం రోజుల్లో దానికి పదైదు మంది మామలైనారంట. సందెకాడ అమ్మ కాడికొచ్చి లెక్క ఒప్పజెప్తాది, ఈ పొద్దు ఇద్దరు పెద్దమ్మలు ఎక్కువైనారని. హనుమక్క వింటా వింటా, ఇదేదో తిరగబడిందే అని మనసు పీకుతానే ఉంది. చెప్పిన మాట వెనక్కి తీసుకునేది ఎట్లనో ఆమెకు తెలీలేదు. బుడ్డీ, నా ఒళ్ళో కూర్చోని కథ వినేది సరే గానీ, కాలు మింద నుంచి రోంత జరగమ్మా, తిమ్మిరెక్కింది. ఆఁ, యాడున్యాం?

కలుపు తీసే కాలం వచ్చింది. హనుమక్క బిడ్డను బాలక్క కాడ విడిచి శెనక్కాయ చేనికి పోయింది. బాలక్క అరుగు మింద చింతపండు గింజలు తీస్తాంది, గంగి వాకిట్లో ఆడుకుంటాంది. బాలక్క నీళ్ళు తాగేకి లోపలికి పోయింది. అంతే. సరిగ్గా అప్పుడే ఎర్ర రుమాల తలకు చుట్టుకున్నోడు ఒగడు సందులోకి వచ్చినాడు. గంగి కాళ్ళకు వెండి కడియాలుండాయి, వాళ్ళ నాయన మొదటి ఏడు ఉన్ని అమ్మి చేయిచ్చినాడు. వాడి చూపు వాటి మింద పడింది. బిడ్డ ఎదురు పోయి, "నువ్వు నాకేమైతావు?" అనిందంట. వాడు రోంత బిత్తరపోయి, "మీ నాయన పేరేంది పాపా" అన్నాడు. "ఓబన్న." "ఓబన్నా? ఓబన్న నాకు అన్న. నేను నీకు చిన్నాయన." చూసినారా ఎంత సులభంగా కలిసిందో. "మీ నాయన జీవాలతో వచ్చినాడు, ఊరి బయట పారే వంక అవతల ఉన్నాడు, నిన్ను తోడుకోని రమ్మన్యాడు. అమ్మకు చెప్పాకు, చెప్తే సంబరం పోతాది. అందరం కలిసి పోయి అమ్మ ముందర నిలబడదాం." నాయన అంటానే బిడ్డకు ఇంగేం కావల్ల. వాడి వేలు పట్టుకోని ఎగురుకుంటా పోయిందంట.

బాలక్క అరుపు చేనిదాకా వినబడింది. హనుమక్క చేతిలో కలుపు తీసే తొలిక ఆడనే పారేసి పరుగు. ఊర్లో సందు సందు తిరిగింది, బాయి కాడ తొంగి చూసింది, గడ్డివాముల్లో చేతులు పెట్టి చూసింది, చూసిన చోటే మళ్ళ చూసింది. చూడలేదా అని అడిగినోళ్ళనే మళ్ళ అడిగింది. ఓబన్న మాట చెవుల్లో ఒగటే రొద, బిడ్డ జాగ్రత్త, బిడ్డ జాగ్రత్త. పొద్దు వాలతాంటే వంక దాటి చూస్తే, బండ మింద కూర్చోనుంది గంగి. ఒగతే. కాళ్ళకు కడియాల్లేవు. మడమల కాడ చర్మం లేచిపోయి రక్తం కారి ఎండిపోయింది. ఏడ్చను గూడా ఏడ్వలేదు. తల్లిని చూస్తానే నోటి మింద వేలు పెట్టుకోని, "నీకు చెప్పొద్దన్యాడమ్మా చిన్నాయన. నాయన వస్తాడు, ఈడే కూర్చో అన్యాడు. నువ్వు పో, సంబరం పోతాది" అనిందంట.

హనుమక్కకు ముందర కోపమొచ్చింది. మనకు అట్లే కదా, భయం పోతానే కోపం వస్తాది. "ఎందుకు పోయినావే" అని చెయ్యెత్తింది. బిడ్డ బిత్తరపోయి, "వరస అడిగినానమ్మా, అడిగినాకే పోయినా. పెద్దోళ్ళ మాట వినమంటివి కదా" అనింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయింది హనుమక్కకు. తప్పు బిడ్డది కాదు, నేను చెప్పిన మాటది అని తెలిసిపోయింది. ఆడనే బండ మింద కూలబడి బిడ్డను ఒళ్ళో వేసుకోని ఏడ్చింది. నాయన రాలేదని బిడ్డ అప్పుడేడ్చింది.

ఇంగ ఆ పొద్దు నుంచి చూడాల హనుమక్కను. మందకు కట్టే తాడు ఒగటి తెచ్చి, ఒగ కొస తన నడుముకు, ఒగ కొస బిడ్డ నడుముకు కట్టుకుందంట. కలుపు తీసేకి వంగితే బిడ్డ గుంజుకుపోతాది, బిడ్డ తూనీగ ఎంబడి పరిగెత్తితే ఈమె బోర్లా పడతాది. "అందరూ దొంగలే. ఎవుర్నీ నమ్మాకు, ఎవురితో మాట్లాడాకు" అని పొద్దుకు పదిసార్లు చెప్పేది. చెప్పగా చెప్పగా ఏమైందంటే, బిడ్డ నవ్వు పోయింది. ఉప్పాయప్ప కేక వింటే చాప చుట్ట వెనక దూరుతాది. బాలక్క వస్తే తల్లి కొంగులో మొగం దాచుకుంటాది. బాలక్క పాపం, నేను నీళ్ళకు పోకుంటే అయిపోయేది కదా అని అప్పటికే కుమిలిపోతాంది, బిడ్డ గూడా మొగం తిప్పుకునే కొద్దికి గుమ్మం కాడే నిలబడి కళ్ళు తుడుచుకోని పోయేది. హనుమక్కకు ఇదీ చూడబుద్ధి కాలేదు. విప్పితే భయం, కట్టితే బాధ. రాత్రి తాడు విప్పేది, తెల్లారి మళ్ళ కట్టేది.

ఆ ఊర్లో కంబళ్ళు నేసే ఈరవ్వ అని ముసిలామె ఉంది. హనుమక్క ఉన్ని ఇచ్చేకి పోయింది ఒగ పొద్దు, తాడుతోనే. ఈరవ్వ మగ్గం మింద నుంచి తల ఎత్తి చూసి, "మేకను కట్టుకోని వచ్చినావా బిడ్డను కట్టుకోని వచ్చినావా" అనింది. హనుమక్క మొదులు నుంచి కడదాకా చెప్పుకుంది. ఈరవ్వ అంతా విని, లేచి పోయి మూల నుంచి కంబళి ముక్క ఒగటి తెచ్చింది, చాటంత ఉంటాది, చుట్టూ ఎర్ర అంచు. నేల మింద పరిచి, తాడు విప్పి, గంగిని దాని మింద కూర్చోబెట్టింది. "ఇది ఎవురిదే?" "నీది." "నీకిచ్చినా. ఇప్పుడు ఎవురిది?" "నాది." "దీని మింద ఎవురన్నా కాలు పెట్టల్లంటే ఎవుర్ని అడగల్ల?" బిడ్డ తల్లి మొగం చూసి, "అమ్మను" అనింది. "ఊహూ." "నిన్ను." "ఊహూ." "మరి?" "నిన్ను అడగల్లే పిచ్చిదానా." "నన్నా?" అని గంగి నవ్విందంట. వంక కాడి నుంచి వచ్చినాక అదే మొదటి నవ్వు. హనుమక్క ఆ నవ్వుకు తట్టుకోలేక మొగం పక్కకు తిప్పుకుంది.

ఇంగ ఆట మొదులైంది. ఈరవ్వ కొంగు తలకు రుమాల మాదిరి చుట్టుకోని, గొంతు మార్చి, "పాపా, నేను మీ మామను, బుగ్గ గిల్లుతా" అని అంచు కాడికి వస్తాది. గంగి చూసి "ఊ" అనొచ్చు, "ఊహూ" అనొచ్చు. ఊ అంటే గిల్లుతాది. ఊహూ అంటే వెనక్కి పోతాది, అంతే, కోపం లేదు, బతిమాలేది లేదు. ముందర గంగి అన్నిటికీ ఊ అనేది, అలవాటు కదా. ఈరవ్వ గట్టిగా గిల్లింది. మళ్ళీసారి "ఊహూ" వచ్చింది. మెల్లగా వచ్చింది. "వినబల్లేదు" అనింది ఈరవ్వ. "ఊహూ" అని అరిచింది గంగి. ఆ అరుపుకు మగ్గం మింద పిల్లి దూకి పోయిందంట. తర్వాత ఈరవ్వ ఇంగో కంబళి పరుచుకోని తాను కూర్చోని, పక్కన బెల్లమచ్చు పెట్టుకుంది. గంగి లేచి పరుగున వచ్చి చెయ్యి పెట్టబోయింది. ఈరవ్వ చెయ్యి అడ్డం పెట్టి, "ఇది నా కంబళి. అడుగు" అనింది. "రావచ్చునా అవ్వా?" "ఊహూ." గంగి మొగం చిన్నబోయింది. "ఏం, నేను ఊహూ అంటే నీకేమన్నా కొరత పడిందా? నీ మింద నాకు కోపమా? ఊహూ అంటే ఊహూ, అంతే. రోంతసేపుండి మళ్ళ అడుగు." బాలక్క బెల్లపన్నం కుండ యాదికొచ్చింది హనుమక్కకు. ఇన్నాళ్ళూ తన బిడ్డకు అంచు ఉందని తన బిడ్డకే చెప్పలేదు, ఊరోళ్ళకు అంచు ఉందనీ చెప్పలేదు. వరస ఒగటి చెప్పి ఊరుకునింది.

కడాకు ఈరవ్వ ఎర్ర రుమాల కట్టుకున్నోడి మాదిరి వచ్చి, మెల్లగా, "పాపా, నేను చిన్నాయనను, రా పోదాం. అమ్మకు చెప్పాకు" అనింది. గంగి కంబళి మింద ముడుచుకుపోయింది. హనుమక్క లేచి అడ్డం పోబోతే ఈరవ్వ కన్నుతోనే కూర్చోమనింది. రుమాల తీసేసి బిడ్డ ఎదురుగా కూర్చోని, "విను తల్లీ. ఎవరేమైతారని అడగాకు ఇంగ. వరస ఎవడైనా చెప్తాడు. 'అమ్మకు చెప్పాకు' అనే మాట ఎవరి నోట్లో నుంచి వచ్చినా, వచ్చిన యెంటనే ఊరు లేచేట్టు అరుచు" అనింది. "మామైనా?" "మామైనా." "బాలత్తైనా?" "బాలత్తైనా." బిడ్డ రోంత ఆలోచన చేసి, "మా నాయనైనా?" అనింది. ఈరవ్వ హనుమక్క పక్క చూసింది. ఈ మాట నేను చెప్పేది కాదు, నువ్వే చెప్పల్ల అన్నట్టు. హనుమక్కకు ఓబన్న యాదికొచ్చినాడు. ఆరు నెల్లు ఎండలో వానలో బిడ్డను తలుచుకుంటా తిరిగే మనిషి ఆయన. వస్తానే బిడ్డ నాయనను గూడా అనుమానంగా చూస్తే ఆయన పానం ఏమైపోతాది? నీకు జాగ్రత్త చెప్తే ఇదా నువ్వు చేసింది అనడా? బిడ్డ కాలి మడమ మింద మచ్చ చూసింది. చూసి, "నాయనైనా. నేనైనా సరే" అనింది. ఆ మాట అనేకి ఆమెకు ఎంత కష్టమైందో, తాడు మాత్రం ఆ పొద్దు ఈరవ్వ ఇంట్లోనే విడిచి వచ్చిందంట.

నేర్పిచ్చేది ఒగెత్తు, నేర్చుకున్నాక మనం ఓర్చుకునేది ఇంగో ఎత్తు. మూడోరోజే బాలక్క వచ్చి, గంగి దగ్గిరికొచ్చిందని సంతోషంతో బుగ్గ పట్టుకోబోయింది. గంగి "ఊహూ" అనింది. బాలక్క చెయ్యి గాల్లో ఆగిపోయింది. చూసేటోళ్ళు చూస్తాండారు. హనుమక్క నోట్లోకి మాట వచ్చేసింది, పోనీలేమ్మా, అత్తే కదా, ఒగ ముద్దు ఇయ్యి అని. నాలుక కొసకు వచ్చిన మాటను మింగేసింది. బాలక్క, "ఓహో, పెద్దోళ్ళయినారులే" అని పోయి నాలుగు రోజులు పలకలేదు. ఊర్లో గూడా అనుకున్నారు, హనుమక్క బిడ్డకు మర్యాద లేదు, పిలిస్తే ఒళ్ళోకి రాదు అని. హనుమక్క ఇంట్లోకీ బయటికీ తిరిగేది, తప్పు చేస్తాండానా అని తనలో తానే అడుక్కునేది. అయిదోరోజు గంగి కంబళి ముక్క చంకన పెట్టుకోని బాలక్క గడప కాడ నిలబడి, "అత్తా, లోపలికి రావచ్చునా?" అనిందంట. పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ ఆ ఇంట్లోకి అడిగి పోయిందే లేదు. బాలక్కకు కోపం యాడికి పోయిందో తెలీదు. "రా తల్లీ, రా" అని పక్కకు జరిగి దోవిచ్చింది.

శెనక్కాయలు పెరికే కాలానికి ఓబన్న వచ్చినాడు. మందను ఊరి బయట నిలిపి, తోటోళ్ళను చూస్తాండమని, బిడ్డను చూడల్లనే ఆత్రంతో ముందర తానొగడే వచ్చినాడు. మిట్టమద్యాన్నం. గడ్డం రొమ్ముదాకా పెరిగింది, ఎండకు తల మింద కంబళి కప్పుకున్నాడు. గంగి గడపలో కంబళి ముక్క పరుచుకోని కూర్చోని శెనక్కాయలు ఒలుస్తాంది. హనుమక్క ఊరి పక్క చేనిలోనే ఉంది. "పాపా, నేనెవరో చెప్పు?" "తెలీదు." ఓబన్న ఇంగో అడుగు ముందరికి వేసినాడు. "మీ నాయననే." గంగి చూసింది, చానా సేపు చూసింది. "మా నాయనైతే అమ్మ చెప్తాది. ఆడే ఉండు" అని, చెంబుతో నీళ్ళు తెచ్చి గడప బయట పెట్టి మళ్ళ కంబళి మింద కూర్చుంది. నీళ్ళు తాగినాడు. పూసల దండ తీసి చూపిచ్చినాడు. "ఊహూ" అనింది. ఇంగ ఓబన్నకు ఓపిక లేదు. ఎత్తుకోవల్ల అని చేతులు గుంజుతాండాయి. నవ్వతా ఏమన్నాడంటే, "సరే, నేను వచ్చినానని అమ్మకు చెప్పాకు. పా, ఇద్దరం చేనికి పోయి దొంగతనంగా ఆయమ్మ కళ్ళు మూస్తాం" అని చెయ్యి చాపినాడు. పాపం, తెలీక అన్నాడు.

ఆ అరుపు ఎట్లుందంటే, ఊరి బయట మంద బెదిరిందంట. పక్కింట్లో బాలక్క సంగటి కెలుకుతాంది. సంగటి అంటుకున్న తెడ్డు అట్లే పట్టుకోని బయటికి దూకింది. కంబళి కప్పుకున్నోడు ఒగడు బిడ్డ మిందికి వంగినాడు. ఇంగ చూసుకోలేదు, వెనక నుంచి వేసింది ఒగటి. వాడు తల పట్టుకోని ఇటు తిరిగి, "అక్కా, బాలక్కా, నేనే" అన్నాడు. "నీకెవురురా అక్క? ఆ పొద్దు చిన్నాయన అయినావు, ఈ పొద్దు తమ్ముడైతావా, వరసలు కలుపుతావా" అని మొగం మింద ఇంగోటి వేసింది. సందంతా వచ్చింది. పరకతో ఒగామె, చాటతో ఒగామె. హనుమక్క చేనిలో నుంచి పరుగు. ఆ పరుగులో ఆమెకు వంక, బండ, బిడ్డ మడమలు, అన్నీ కనబడినాయంట. గుంపును తోసుకోని పోయి ముందర బిడ్డను చూసింది. బిడ్డ కంబళి అంచు దాటకుండా నిలబడి ఇంగా అరుస్తానే ఉంది. బిడ్డకేం కాలేదు. అప్పుడు కింద పడినోడిని చూసింది. గడ్డం నిండా సంగటి. "అయ్యో, మా ఆయన" అనిందంట.

ఆ మాటకు బాలక్క తెడ్డు వెనక దాచుకుంది. ఓబన్న లేచి కూర్చోని నుదుటి మింద బొప్పి తడుముకున్నాడు. "దీనికి ఇట్ల అరిచేది ఎవురు నేర్పిచ్చినారు?" అన్నాడు. అందరూ హనుమక్క పక్క చూసినారు. ఆమె ముందరికొచ్చి, "నేనే" అనింది. వంక సంగతి చెప్పింది, కడియాల సంగతి, చిన్నాయన అని చెప్పినోడి సంగతి, తాడు సంగతి, ఏదీ దాచలేదు. ఓబన్న తల దించుకోని విన్నాడు. "నాయన వస్తాడంటే పోయిందా?" అని మాత్రం అడిగినాడు. అవునని హనుమక్క తలూపింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. లేచి, గడప కాడికి పోయి, కంబళి ముక్క అంచుకు మూరెడు దూరంలో గొంతు కూర్చోని, "నేను మీ నాయనను. మీ అమ్మ చెప్పింది కదా. నీ కంబళి మింద కూర్చోవచ్చునా?" అని అడిగినాడంట. గంగి తల్లి పక్క చూసింది. హనుమక్క గమ్మున ఉంది, ఊ అనలేదు, ఊహూ అనలేదు. అది ఆమె చెప్పే మాట కాదు ఇంగ.

"ఊహూ" అనింది గంగి. ఓబన్న మొగం పాలిపోయింది. "గడ్డంలో సంగటి ఉండాది. మొగం కడుక్కోని రా."

కడుక్కోని వచ్చినాడు. మళ్ళ అడిగినాడు. "ఊ" అనింది. చాటంత కంబళి మింద అంత పొడుగు మనిషి ఎట్ల కూర్చున్నాడో ఏమో, కూర్చున్నాడు, కాళ్ళన్నీ బయటే. బిడ్డ తనంతట తానే ఒళ్ళోకి ఎక్కింది. హనుమక్క గుంజకు ఆనుకోని కూర్చుంది. ఆరు నెల్ల తర్వాత ఒగ చోట కూర్చునిందంట ఆయమ్మ, వాకిట్లోకి చూడకుండా.

అంతే కథ. ఆ కడియాలు దొరికినాయా అని అడగబోతాండారు కదా, దొరకలేదు. ఎర్ర రుమాలోడు గూడా దొరకలేదు. నేను దొరికిచ్చి మీ మనసు చల్లబరచొచ్చు గానీ, వాడు ఇంగా యాడో ఒగ ఊర్లో ఎవరికో చిన్నాయన అయితానే ఉంటాడు. ఓబన్నను మాత్రం నుదుటి మింద ఆ మచ్చేంది అని అడిగితే, మా పాప పెట్టిన బొట్టు అని చెప్పేటోడంట. ఇంగ లెయ్యండి, పొద్దు పోయింది. బుడ్డీ, లెయ్యమ్మా, ఒళ్ళో కూర్చునేటప్పుడు నన్ను అడిగినావా నువ్వు? కాళ్ళు పడిపోయినాయి నావి. ఏందీ? ఎత్తుకోని ఇంటికాడ విడుస్తా అంటే ఊహూ అంటావా? నా కథ నాకే చెప్తాండావే. సరే పో, నడుచుకుంటానే పో, మీ అమ్మకు మాత్రం నేను ఏం చెప్పినానో అంతా చెప్పు.